చైనా రాతి ముద్ర మూల విరిగింది, బాగు చేయించొచ్చా?

సుజాత_ఖమ్మం | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇది ఏ విభాగంలో పెట్టాలో తెలియక ఇక్కడ పెడుతున్నా, అడ్మిన్ గారు కావాలంటే మార్చేయండి.

2011 నుంచి 2017 దాకా చైనాలో హాంగ్‌జౌ ఊళ్లో ఎంబీబీఎస్ చదివాను. హాస్టల్ వెనక సందులో ఒక పెద్దాయన చిన్న బల్ల వేసుకుని రాళ్ల మీద పేర్లు చెక్కుతుండేవారు. రిటైరైన స్కూలు టీచరు. నేను లావ్‌షీ అని పిలిచేదాన్ని, అక్కడ మాస్టారుని అలాగే అంటారు. చలికాలంలో ఆయన మోకాళ్ల నొప్పులకి నాకు తెలిసిన ముక్కేదో చెప్పేదాన్ని, ఆయన గ్లాసుడు వేడినీళ్లు ఇచ్చేవారు. చైనాలో ఏ జబ్బుకైనా మొదటి మందు వేడినీళ్లే, అక్కడ ఉన్నవాళ్లకి తెలుసు. వచ్చేసే ముందు వారం ఒక రాతి ముద్ర చెక్కి చేతిలో పెట్టారు, డబ్బులిస్తే తీసుకోలేదు. నిలబెట్టిన అగ్గిపెట్టెంత ఎత్తు, కింద అంగుళం కన్నా తక్కువ చదరం. ఇండియా వచ్చాక ఎఫ్‌ఎంజీఈ (విదేశాల్లో డాక్టరు చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన పరీక్ష) టెన్షన్, పెళ్లి, పిల్లాడు. అది సూట్‌కేసులోనే ఉండిపోయింది.

మొన్న మా వాడు, ఆరేళ్లు, దాన్ని బయటికి తీసి ఆడుతూ గచ్చు మీద పడేశాడు. అడుగున మూల దగ్గర పెచ్చు లేచిపోయింది. కోపంలో వాడికి ఒకటి తగిలించాను, తర్వాత నాకే బాధేసింది.

ఇప్పుడు నా డౌట్లు. ఆ మూల మళ్లీ సరిచేయించొచ్చా? రెండోది, అక్కడ నా పేరు సు జియా, అంటే రెండే అక్షరాలు, మరి దీని మీద నాలుగెందుకున్నాయి? ఇంకోటి, క్లినిక్‌లో ఉన్న స్టాంపు ప్యాడ్ మీద అద్ది వేసి చూశా, ఊదారంగులో అలికేసినట్టు వచ్చింది. ఇది అసలు పనిచేస్తుందా, బొమ్మలా దాచుకోవడానికేనా? ఫొటోలు కింద పెట్టా.

మార్బుల్_మూర్తి | శనివారం రాత్రి 10:05

దీనికింత బెంగ ఎందుకు మేడం. గ్రానైట్ పాలిష్ పట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే అడుగున ఒక పట్టు పట్టి లెవెల్ చేసేస్తారు. మా ఇంటి గుమ్మం రాయి అంచు పోతే అలాగే చేయించాం, అరగంట పని.

సుజాత_ఖమ్మం | శనివారం రాత్రి 10:20

థాంక్సండీ. బైపాస్ రోడ్డులో ఒక షాపుంది, రేపు పొద్దున్నే వెళ్తా.

సింగపూర్_శర్మ | ఆదివారం తెల్లవారుజామున 5:10

సుజాత గారూ ఆగండి!! ఇప్పుడే లేచి చూశా. దయచేసి పాలిష్ పట్టించకండి. చైనాలో పాత ముద్ర అక్కర్లేదనుకుంటే చేసే పని సరిగ్గా అదే, అడుగు అరగదీసి కొత్త పేరు చెక్కుతారు. చెక్కిన లోతు మిల్లీమీటరో రెండో ఉంటుంది. మెషీన్ మీద ఒక్క పట్టు పడితే మీ మాస్టారు చెక్కిందంతా పొడైపోతుంది. మూర్తి గారూ, ఏమనుకోకండి, ఇది గుమ్మం రాయి కాదు.

నేను ఇక్కడ చైనీస్ రాత క్లాసుకి తొమ్మిదేళ్లుగా వెళ్తున్నా, రాళ్లు కూడా కొంచెం చెక్కుతా (చెడగొడతా అని మా ఆవిడ అంటుంది). తీరిగ్గా రాస్తా. ముందు ఆ షాపుకి వెళ్లకండి.

గోంగూర_గుంటూరు | ఆదివారం ఉదయం 8:30

టైం ఎనిమిదిన్నర. మేడం రిప్లై లేదు. షాపు తెరిచుంటే అయిపోయినట్టే 😬

పెడన_అచ్చులు | ఆదివారం ఉదయం 9:12

శర్మ గారు చెప్పింది కరెక్టు. మాది పెడన, మా తాత కలంకారీ అచ్చులు చెక్కేవాడు. టేకు చెక్క మీద పువ్వంతా తిరగేసి చెక్కాలి, అద్దంలో కనపడినట్టు. అచ్చు అంచు కొట్టుకుపోతే అలాగే వాడతాం గానీ మొహం మీద చిత్రిక పట్టం. పడితే బొమ్మే పోతుంది.

సుజాత_ఖమ్మం | ఆదివారం సాయంత్రం 6:45

క్షమించండి, ఇప్పుడే ఫోన్ చూశా. పొద్దున షాపుకి వెళ్లాను!! ఆయన అటూ ఇటూ తిప్పి చూసి "ఇంత చిన్నది మా మెషీన్‌కి దొరకదమ్మా, వేళ్లు పోతాయి, ఫెవిక్విక్ పెట్టి అంటించుకో" అన్నాడు. పెచ్చు దొరకలేదు కాబట్టి అంటించడానికీ ఏం లేదు. బతికిపోయాను. చేతులు వణుకుతున్నాయి ఇది చదువుతుంటే.

సింగపూర్_శర్మ | ఆదివారం రాత్రి 9:50

హమ్మయ్య. ఆ షాపాయనకి ఓ దండం.

ఇక మీ ప్రశ్నలు. నాలుగక్షరాల సంగతి ముందు చెప్తా, అది తేలిక. మీ ఫొటో తిరగేసి చూశా. కాగితం మీద వేస్తే కుడివైపు నిలువు వరసలో పైన సు, కింద జియా. ఎడమ వరసలో పైన జీ, కింద యిన్. జీ అంటే మన 'యొక్క', యిన్ అంటే ముద్ర. మొత్తం "సు జియా యొక్క ముద్ర". కుడి నుంచి ఎడమకి, పైనుంచి కిందికి చదవాలి. రెండక్షరాల పేరుకి చదరం నిండదు, అందుకే ఈ రెండు కలిపి నాలుగు గదులు నింపుతారు. ఇది మీ మాస్టారు కనిపెట్టింది కాదు, రెండు వేల ఏళ్ల కిందటి హాన్ రాజుల కాలం నుంచీ ఉన్న పద్ధతే.

మీ చైనా పేరు ఎవరు పెట్టారో గానీ మంచి పేరు. సుజాతలో సు-జా అందులోనే ఉంది, జియా అంటే మంచిది, శ్రేష్ఠమైనది. పైగా సు అనేది హాంగ్‌జౌకి చాలా దగ్గరి ఇంటిపేరు. వెస్ట్ లేక్ మీద సు కట్ట అని ఉంటుంది కదా, 11వ శతాబ్దం చివర్లో ఆ ఊరికి అధికారిగా వచ్చిన కవి సు షీ సరస్సు పూడిక తీయించి ఆ మట్టితోనే వేయించిన కట్ట.

ఎర్ర చదరంలో తెల్ల అక్షరాలు వచ్చేది కాబట్టి మీది "తెల్లరాత" ముద్ర, అక్షరాన్ని లోపలికి చెక్కుతారు. చుట్టూ తీసేసి అక్షరాన్ని ఉబ్బెత్తుగా వదిలేస్తే "ఎర్రరాత". అక్షరాలు ఈ రోజుల్లో చైనావాళ్లు రాసే లిపి కాదు, 2,200 ఏళ్ల కిందట ఛిన్ చక్రవర్తి దేశమంతటికీ ఒకటే అని పెట్టించిన పాత లిపి నుంచి వచ్చినవి. మామూలు చైనావాడికి కూడా ముద్ర మీద అక్షరాలు చదవడం కష్టమే, మీకు తెలియలేదని చిన్నబోవద్దు.

ఇప్పుడు విరిగిన మూల. ఇది చెప్తే నవ్వుతారేమో. ముద్ర చెక్కేవాళ్లు పని అయ్యాక కత్తి పిడితో అంచుల మీద తట్టి, కావాలనే అక్కడక్కడా విరగ్గొడతారు. మట్టిలోంచి తవ్వి తీసిన పాత ముద్రలు అంచులు తినేసి ఉంటాయి, వాళ్లకి ఆ అందం ఇష్టం. వు ఛాంగ్‌షువో అని చాలా పెద్ద పేరున్నాయన (1844-1927), ముద్ర అయ్యాక ఇసుక మీద, చెప్పు అడుగున కూడా రాసేవారని చెప్పుకుంటారు. మీరు ఆరేళ్లు ఉన్న ఊళ్లోనే, వెస్ట్ లేక్‌లో గూషాన్ గుట్ట మీద షీలింగ్ అనే ముద్రల సంఘం ఉంది. 1904లో నలుగురు కలిసి మొదలుపెట్టారు, 1913లో మొదటి అధ్యక్షుడు ఈయనే. చూశారా అది?

సుజాత_ఖమ్మం | ఆదివారం రాత్రి 10:30

గూషాన్‌కి వెళ్లాం శర్మ గారూ, సెకండియర్‌లో అమ్మాయిలంతా. మెట్లెక్కి పైన ఫొటోలు దిగి, కింద తామరపూల దగ్గర ఐస్‌క్రీం తిని వచ్చేశాం. సంఘమేంటో ముద్రలేంటో ఎవరికి తెలుసు అప్పుడు. 😔

గోంగూర_గుంటూరు | ఆదివారం రాత్రి 10:41

అయితే బాబు పడేయడం వల్ల రేటు పెరిగిందన్నమాట. వాడికి ఇంకోటి ఇవ్వండి, ఈసారి చాక్లెట్.

జియాలజీ_మేడం | సోమవారం ఉదయం 7:20

అందరూ రాయి రాయి అంటున్నారు, ఏం రాయో ఎవరూ అడగలేదు. ఫొటోలో లేత పచ్చ, పసుపు కలిసిన రంగు, మైనంలా మెరుపు. హాంగ్‌జౌ అంటున్నారు కాబట్టి ఝెజియాంగ్ రాష్ట్రంలోనే దొరికే ఛింగ్‌తియెన్ రాయి అయ్యుండొచ్చు, చేత్తో చూడకుండా గట్టిగా చెప్పలేను. ఇది ఎక్కువగా పైరోఫిల్లైట్ అనే ఖనిజం. పట్టుకుంటే మన బలపం రాయిలా నున్నగా జారుతుంది గానీ రెండూ వేరు ఖనిజాలు. బలపం ఇంకా మెత్తన, గోటికే గీత పడుతుంది, గీసిన చోట పొడి రాలుతుంది. టూరిస్టు షాపుల్లో చవగ్గా ఇచ్చేవాటిలో చాలావరకు ఆ మెత్తరకమే. ముద్రల రాళ్లు ఒకటి నుంచి పది దాకా వేసే గట్టిదనం లెక్కలో రెండుకీ మూడుకీ మధ్య ఉంటాయి. కత్తికి లొంగుతాయి, అలాగని అంచు ఊరికే రాలదు, కానీ గచ్చు మీద పడితే మాత్రం పగులుతుంది.

పేరున్న రకాలు నాలుగు: ఛింగ్‌తియెన్, ఫూజౌ దగ్గర షౌషాన్, ఛాంగ్‌హువా, ఇన్నర్ మంగోలియాలో బాలిన్. ఛాంగ్‌హువాలో కోడి రక్తపు రాయి అని వస్తుంది. రక్తం కాదు, లోపల ఇంగిలీకం (ఎర్రటి పాదరసపు ఖనిజం) చారలు. దానికి దొంగ సరుకు బోలెడు, ఎర్ర రంగు పూసి అమ్ముతారు. షౌషాన్‌లో పసుపు రకం బంగారం కంటే ఖరీదని పాత మాట. కొనాలనుకునేవాళ్లు ఈ రెండిటి జోలికి పోకండి. ఛింగ్‌తియెన్ చాలు.

దస్తావేజు_రాజు | సోమవారం ఉదయం 11:00

మంచి చర్చ. నేను తెనాలిలో 31 ఏళ్లు డాక్యుమెంట్ రైటరుగా చేసి మానేశాను. మా దగ్గర సంతకం రానివాళ్లకి వేలిముద్ర, దాని పక్కన "ఫలానావారి నిశానీ" అని మేం రాసేవాళ్లం. అందుకే మనకి వేలిముద్రగాడు అంటే తిట్టు. వీళ్లకి చూస్తే చదువుకున్నవాడికే ముద్ర గౌరవం!

ఇంకొక సంగతి. హాంకాంగ్, సింగపూర్లలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఈ ముద్రని చాప్ అంటారు. అది చైనా మాట కాదు, హిందీ ఛాప్. మన ఛాపాఖానాలో ఉన్న ఛాపాయే. పాత వర్తకులు ఇక్కడి నుంచి మోసుకెళ్లిన మాట. ఇక మన రాజులకీ ముద్రలు లేకపోలేదు. వేంగి చాళుక్యుల రాగి శాసనాలు చూస్తే రేకులన్నీ ఒక కడియానికి గుచ్చి, దాని మీద వరాహం, చంద్రుడు, అంకుశం, నడుమ "శ్రీ త్రిభువనాంకుశ" అని ముద్ర. కాకపోతే అది రాజుది. మామూలు మనిషి తన పేరు చెక్కించుకుని జేబులో పెట్టుకు తిరగడం మన దగ్గర ఎక్కడా చూళ్లేదు.

షిన్‌చూ_రవి | సోమవారం మధ్యాహ్నం 2:15

తైవాన్ నుంచి. ఇక్కడ ఇది గుర్తుగా దాచుకునే వస్తువు కాదు బాబోయ్, రోజువారీ పని. బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు నన్ను ముద్ర అడిగారు. పక్క వీధిలో పావుగంటలో మెషీన్ మీద కోసిచ్చాడు, చెక్క ముద్ర. నా పేరు మూడు చైనా అక్షరాల్లో, నాకే చదవడం రాదు. ఆర్నెల్లకి అది ఎక్కడ పెట్టానో మర్చిపోయా. ఇల్లంతా తిరగేశా, చివరికి ఆవకాయ జాడీ పక్కన ఉంది, ఎలా వెళ్లిందో దేవుడికే తెలియాలి. అప్పటినుంచి బీరువాలో పాస్‌బుక్ ఒక చోట, ముద్ర ఇంకో చోట. రెండూ ఒకే సంచిలో పెట్టొద్దని మా ఆఫీసు ఆవిడ మరీ మరీ చెప్పింది.

అందుకే అడుగుతున్నా సుజాత గారూ, మీది చేత్తో చెక్కిందేనా? ఈ మధ్య అంతా కంప్యూటర్ మెషీనే కదా.

సుజాత_ఖమ్మం | సోమవారం మధ్యాహ్నం 3:40

నేను కూర్చుని చూశానండీ. కొత్త ఉప్పు కాగితం బల్ల మీద పరిచి రాయి అడుగు ఎనిమిది అంకెలా తిప్పుతూ అరగదీశారు. మధ్యమధ్యలో కంటి దగ్గర పెట్టి వెలుగుకి పట్టి చూసేవారు. తర్వాత సన్న కుంచెతో తిరగేసి రాసుకుని, చేతి అద్దంలో చూసుకుని, మళ్లీ తుడిచేసి మళ్లీ రాసి... ఆ రాయడానికే రెండు సాయంత్రాలు పట్టింది. చెక్కడం మాత్రం ఒక గంట. సుత్తి లేదు, పెన్ను పట్టినట్టు కత్తి పట్టుకుని తోయడమే. కర్ కర్ మని సన్న చప్పుడు. పొడి ఊదకుండా బ్రష్‌తో తుడిచేవారు.

సింగపూర్_శర్మ | సోమవారం రాత్రి 8:55

ఇంకేం కావాలి, ఆ చప్పుడు విన్నవాళ్లు మాలో ఎంతమంది ఉన్నారు.

రవి గారూ, గుర్తుపట్టడం కష్టం కాదు. మెషీన్ కోసిన గాడి లోతంతా ఒకటే, అడుగు చదునుగా గానీ దువ్వెనతో గీసినట్టు వరస గీతలతో గానీ ఉంటుంది, మూలలు సన్నగా గుండ్రం తిరుగుతాయి. కత్తి గాడి మొదట్లో ఒక లోతు, చివర ఒక లోతు. గీత ఒక అంచు నున్నగా, రెండో అంచు కొంచెం రేగినట్టు వస్తుంది. భూతద్దం చాలు.

పెడన తమ్ముడూ, నీకొక మాట. ఛీ బాయ్‌షీ అని చైనాలో ఇంటింటా తెలిసిన చిత్రకారుడు (1864-1957), రొయ్యల బొమ్మలకి పేరు. ఆయన మొదట వడ్రంగి. చెక్క మీద పువ్వులు చెక్కి బతికాడు. ముద్రల్లో ఆయన కత్తి ఒక్క వైపు నుంచే తోసుకుపోతుంది, వెనక్కి వచ్చి దిద్దడం ఉండదు. చెక్కపని చేసిన చెయ్యి అని చూడగానే తెలుస్తుంది.

పెడన_అచ్చులు | సోమవారం రాత్రి 9:30

అబ్బ. ఇది మా నాన్నకి చదివి వినిపించా. "రొయ్యలు అంటున్నావు, మన బందరు వాడేమో కనుక్కో" అన్నాడు 😄

సింగపూర్_శర్మ | మంగళవారం ఉదయం 6:30

సుజాత గారూ, రాత్రి మీ మూడో ఫొటో పెద్దది చేసి చూశా. రాయి పక్క మీద సన్న గీతలు కనిపిస్తున్నాయి. అవి గీతలా, అక్షరాలా?

సుజాత_ఖమ్మం | మంగళవారం ఉదయం 9:05

సూట్‌కేసులో రాసుకుని పడ్డ గీతలు అనుకున్నానండీ ఇన్నేళ్లూ.

సింగపూర్_శర్మ | మంగళవారం ఉదయం 9:20

కాదనుకుంటా. చెక్కినవాడు రాయి పక్కన తన మాట రాస్తాడు, పక్కరాత అంటాం. ఎప్పుడు, ఎవరికి, ఎందుకు. అడుగున ఉన్నవి తిరగేసి ఉంటాయి గానీ ఇవి తిన్నగానే ఉంటాయి. పల్చటి కాగితం ఆ పక్కకి చుట్టి పెన్సిల్ అడ్డంగా పట్టుకుని మెల్లగా రుద్దండి, చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద రుద్దేవాళ్లం చూడండి, అలా. అక్షరాలు తెల్లగా లేస్తాయి. ఫొటో పెట్టండి.

షష్టిపూర్తి_కొడుకు | మంగళవారం మధ్యాహ్నం 12:50

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. నవంబర్‌లో మా నాన్నగారి షష్టిపూర్తి. ఈ చర్చ చదివాక ఆయనకి ఇలాంటి ముద్ర ఒకటి చెక్కించి ఇద్దామనిపిస్తోంది. పేరు సత్యనారాయణ. ఆన్‌లైన్‌లో పేరు టైప్ చేస్తే చైనాలోకి మార్చి చెక్కి పంపుతామంటున్నారు. నమ్మొచ్చా? అసలు తెలుగులోనే చెక్కించొచ్చా?

టోక్యో_కొండూరు | మంగళవారం మధ్యాహ్నం 1:30

జపాన్‌లో అయితే సతో, సుజుకీ లాంటి ఇంటిపేర్లకి రెడీమేడ్ ముద్రలు షాపులో గిర్రున తిరిగే స్టాండు మీద వేలాడుతుంటాయి, మన చెప్పుల షాపు సైజుల్లాగా. మా కొండూరుకి మాత్రం పది స్టాండ్లు తిప్పినా దొరకలేదు, ప్రత్యేకంగా చేయించుకున్నా. బ్రదర్, టైప్ చేస్తే మార్చి ఇచ్చేది వద్దు. సత్యనారాయణని అక్షరం అక్షరం మారిస్తే ఆరేడు చైనా అక్షరాలు అవుతాయి, చదివితే మందుల పేరులా ఉంటుంది. సుజాత గారికి పెట్టినట్టు రెండు మూడు అక్షరాల్లో అర్థం ఉండేలా, భాష వచ్చిన మనిషి చేత పెట్టించండి.

వైజాగ్_వేణు | మంగళవారం మధ్యాహ్నం 3:10

తెలుగులో చెక్కించిన బాధితుణ్ని నేనే. మా ఆవిడ పేరు పద్మ. షాంఘైలో ఆఫీసు పని మీద ఉన్నప్పుడు ఫోన్‌లో అక్షరాలు చూపించి చెక్కించా. పాపం అతను చాలా శ్రద్ధగానే చెక్కాడు. కాకపోతే ప మీద తలకట్టుకీ కింది భాగానికీ మధ్య ఉండే ఖాళీ పొరపాటనుకుని కలిపేశాడు. ప కాస్తా వ అయింది. "వద్మ". పెళ్లిరోజున ఇస్తే చూసి, "ఏంటిది, వద్దమ్మా అంటున్నారా" అంది. అది ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది, వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది.

పెడన_అచ్చులు | మంగళవారం సాయంత్రం 5:00

😂😂 తలకట్టు, ఒత్తు, సున్నా - చెక్కేవాడికి భాష రాకపోతే ఇవే పోతాయి. తెలుగులో గుండ్రం ఎక్కువ, రాయి పొడిపొడిగా లేస్తుంది కదా, గుండ్రం తిప్పేచోట అంచు చిట్లదా శర్మ గారూ?

సింగపూర్_శర్మ | మంగళవారం రాత్రి 9:15

చిట్లుతుంది, అందుకే కత్తి తిప్పరు, రాయిని తిప్పుతారు. వాళ్ల పాత లిపిలోనూ వంపులు ఎక్కువే, కాబట్టి గుండ్రం సమస్య కాదు. సమస్య ఒత్తులు. శ్రీ, త్య లాంటివి అంగుళంలో ఇరికిస్తే నలిగిపోతాయి. సత్యనారాయణ గారికి అయిదూ ఆరూ అక్షరాలు పెట్టే బదులు ఇంట్లో పిలిచే పేరు పెట్టండి. సైజు రెండు, రెండున్నర సెంటీమీటర్లు చాలు. మరీ చిన్నదనుకోవద్దు, హాన్ చక్రవర్తి క్రీ.శ. 57లో జపాన్ రాజు ఒకరికి ఇచ్చిన బంగారు ముద్రే సుమారు 2.3 సెంటీమీటర్లు. 1784లో ఫుకుఓకా దగ్గర దీవిలో ఒక రైతు పొలం కాలవ బాగుచేస్తుంటే దొరికింది. రాజుకే అంత చాలింది.

తెలుగులోనే కావాలంటే మంచి దస్తూరీ ఉన్నవాళ్ల చేత నల్ల సిరాతో రాయించి ఆ ఫొటో పంపండి. ఖాళీలు ఉన్నచోట "ఇది ఖాళీ, కలపొద్దు" అని బాణం గుర్తు పెట్టండి. లేకపోతే వద్మ గతే.

పంచాంగం_పంతులు | మంగళవారం రాత్రి 9:48

షష్టిపూర్తి బాబూ, ఇంకో మంచి సంగతి. చైనావాళ్లకీ మనలాగే అరవై ఏళ్ల చక్రం ఉంది. మనకి ప్రభవ నుంచి అక్షయ దాకా పేర్లయితే, వాళ్లు పదీ పన్నెండూ గుర్తులు జతలు కలుపుతూ అరవై చేస్తారు. అరవయ్యో పుట్టినరోజు వాళ్లకీ చక్రం పూర్తయిన రోజే. మొదలయ్యే ఏడాది మాత్రం వేరు, మన ప్రభవ 1987లో వచ్చింది, వాళ్లది 1984లో. కాబట్టి పక్కరాతలో ఏడాది వాళ్ల లెక్కలో ఒక పక్క, మన లెక్కలో ఒక పక్క చెక్కించండి.

షష్టిపూర్తి_కొడుకు | మంగళవారం రాత్రి 10:10

పంతులు గారూ, ఇది నాకు తట్టనే లేదు. ఇంట్లో సత్యం అంటారు నాన్నని. త్య ఒకటి తప్పదు మరి. అక్క దస్తూరీ బాగుంటుంది, రాయిస్తా.

సుజాత_ఖమ్మం | బుధవారం రాత్రి 11:20

క్లినిక్‌లో డెంగీ కేసులు, ఇప్పటికి తీరింది. పెన్సిల్ రుద్దాను. మా వాడు కాగితం పట్టుకున్నాడు. నిజంగానే అక్షరాలు!! మూడు నిలువు వరసలు. ఫొటో పెట్టా. నాకు మాట్లాడటమే వచ్చు, చదవడం చాలా వరకు మర్చిపోయా, అందులోనూ ఇవి గీతల్లా ఉన్నాయి.

సింగపూర్_శర్మ | గురువారం ఉదయం 6:05

మా క్లాసు టీచర్‌కి కూడా పంపి సరిచూసుకుని రాస్తున్నా.

మొదటి వరస: డింగ్‌యౌ షియా. డింగ్‌యౌ సంవత్సరం, ఎండాకాలం. అంటే 2017.

రెండో వరస: సు జియా యీషెంగ్ గుయీ గువో. సు జియా డాక్టరు గారు స్వదేశం వెళ్తున్న సందర్భంగా.

మూడో వరస: అప్పటికి 76వ ఏట, చెక్కినది. ఆ కింద ఆయన పేరు, అది ఇక్కడ రాయను.

పంచాంగం_పంతులు | గురువారం ఉదయం 6:40

2017 మనకి హేవిళంబి.

సుజాత_ఖమ్మం | గురువారం మధ్యాహ్నం 2:30

ఓపీ మధ్యలో చదివాను, బయటికి వెళ్లి కూర్చోవాల్సొచ్చింది.

యీషెంగ్ అని రాశారా. అప్పటికి నేను డాక్టర్ని కాదండీ. కోర్సు అయింది అంతే, ఇండియాలో పరీక్ష పాసైతేనే కదా. రెండుసార్లు పోయింది నాకు. చుట్టాలు "చైనా డాక్టర్" అని వెటకారం చేసేవాళ్లు. ఆ రెండేళ్లూ ఇది నా మంచం కింద సూట్‌కేసులోనే ఉంది. ఆయన వయసు కూడా ఇప్పుడే తెలిసింది, అరవై దాటి ఉంటాయనుకున్నా.

దస్తావేజు_రాజు | గురువారం మధ్యాహ్నం 3:15

అమ్మా, ఇన్ని వేల దస్తావేజులు రాశాను, ఇంత మంచి రాతకోతలు చూళ్లేదు.

జియాలజీ_మేడం | గురువారం సాయంత్రం 4:50

సుజాత గారూ, ముందు ఆ స్టాంపు ప్యాడ్ ఇంకు తుడవండి. మెత్తటి పాత టూత్‌బ్రష్, రెండు చుక్కలు బేబీ ఆయిల్, టిష్యూ. స్పిరిట్, యాసిడ్ వద్దు. గాళ్లలో మిగిలినా పర్లేదు.

సింగపూర్_శర్మ | గురువారం రాత్రి 9:00

ప్యాడ్ ఇంకు నీళ్లలాంటిది, కాగితంలోకి పాకుతుంది, అందుకే అలికేసినట్టు వచ్చింది. దీనికి వాడేది ఎర్ర ముద్ద. పింగాణీ డబ్బీలో వస్తుంది. ఏం కలుపుతారో వింటే మన వంటింటి, పూజ గదుల సామాను అనుకుంటారు: ఇంగిలీకం, ఆముదం, ఒక ఆకు పీచు. ఆ ఆకు మనం వినాయక చవితికి తెచ్చే మాచిపత్రి జాతిదే. కొన్ని రకాల్లో పీచుకి బదులు పట్టు వేస్తారు. ఇంగిలీకం వందల ఏళ్లయినా రంగు మారదు, పాత చిత్రాల మీద ముద్రలు ఇప్పటికీ అంత ఎర్రగా ఉండేది అందుకే. కాకపోతే అది పాదరసపు ఖనిజం, డాక్టరు గారికి నేను చెప్పాలా, పిల్లాడి చేతికి ఇవ్వకండి, వేడి తగలనివ్వకండి. చవక రకాల్లో మామూలు రంగే ఉంటుంది, ఇంట్లో పిల్లలుంటే అదే నయం.

వాడేటప్పుడు ముద్దలో గుచ్చకండి, పైపైన పదిసార్లు మెల్లగా తట్టండి, పెద్దవాళ్లు బుగ్గలకి పౌడర్ అద్దినట్టు. కాగితం కింద నాలుగైదు పేపర్లు మడిచి మెత్తగా వేసుకోండి. నిలువుగా నొక్కి తీసేయడమే, ఊపకూడదు. నూనె పైకి తేలుతుంది కాబట్టి నెలకోసారి ముద్దని పుల్లతో కలపాలి.

ఏ వైపు పైన అని వెతుక్కోనక్కర్లేదు. పక్కరాత మామూలుగా ఎడమ పక్కన ఉంటుంది. కుడిచేత్తో పట్టుకుని బొటనవేలు ఆ అక్షరాల మీద పెట్టండి, ముద్ర తిన్నగా పడుతుంది.

గోంగూర_గుంటూరు | గురువారం రాత్రి 9:25

అంటే సాక్షాత్తూ వేలిముద్ర. రాజు గారూ, రెండూ కలిశాయి చూడండి.

షిన్‌చూ_రవి | శుక్రవారం ఉదయం 8:00

నేను వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నా, చవక రకం ముద్ద ఒక డబ్బీ తెస్తా. విజయవాడ వెళ్లే బస్సులో కాదులెండి, ఖమ్మం మీదుగా రైల్లో వస్తా, స్టేషన్లో అందుకోండి.

సుజాత_ఖమ్మం | ఆదివారం రాత్రి 8:15

రవి గారూ, చాలా చాలా థాంక్స్. ఫిల్టర్ కాఫీ పోసి పంపిస్తాను.

ఇంకో సంగతి చెప్పాలి. ఇవాళ సర్టిఫికెట్ల ఫైలు తీశా. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, నక్షత్రం ఉన్న కాలేజీ గుండ్రటి ఎర్ర ముద్రతో. దాని వెనక ఒక పల్చటి కాగితం మడత. లావ్‌షీ ఆ రోజు రాయితో పాటు ఇచ్చారు, పొట్లం కాగితం అనుకుని ఫైల్లో దూర్చేసినట్టున్నా. విప్పితే ఎర్రగా నా ముద్ర! ఆయన వేసిందే, 2017లో.

రాయి పక్కన పెట్టి భూతద్దంతో చూశా. ఎడమ కింది మూల అందులోనే విరిగి ఉంది. కుడి అంచు మీద ఇంకో రెండు చోట్ల కూడా. శర్మ గారు చెప్పినట్టు ఆయనే కొట్టారు. మా వాడు కొట్టింది పైన ఒక్క చిన్న పెచ్చు, బియ్యపు గింజలో సగం, వెతికితే గానీ కనపడదు. నేను ఇన్నాళ్లూ చూసి ఏడ్చింది మాస్టారు విరగ్గొట్టిన మూలని.

మా వాడికి రెండూ చూపించా. "అయితే తాతే పగలగొట్టాడు కదా, మరి నన్నెందుకు కొట్టావ్" అన్నాడు. సారీ చెప్పా. ఇప్పుడు వాడి పేరుతో ఒకటి కావాలట. నిహాంత్. హాంత్‌కి ఏం చేస్తారు శర్మ గారూ?

సింగపూర్_శర్మ | ఆదివారం రాత్రి 10:02

హాంత్ వదిలేసి ని ఒక్కటే పెడితే 'నువ్వు' అని అర్థం వస్తుంది, "నీ ముద్ర" అయిపోతుంది 😀 అక్షరాలు వెతుకుతా, ఒక వారం టైం ఇవ్వండి. రాయి నా దగ్గర ఉంది, నేనే చెక్కుతా. మూల మాత్రం నేను విరగ్గొట్టను, ఆ పని వాడికే వదిలేస్తా.

వైజాగ్_వేణు | ఆదివారం రాత్రి 10:20

తెలుగులో చెక్కేట్టయితే తలకట్టు జాగ్రత్త సార్.